రోడ్డు ఖాళీగా ఉంటే 110లో వెళ్తే తప్పేంటి?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, సొంతూరు గుంటూరు దగ్గర. నెలకోసారైనా విజయవాడ హైవే మీద వెళ్లొస్తుంటాను. ఫైవ్ స్టార్ సేఫ్టీ రేటింగ్ ఉన్న కారు, మంచి టైర్లు, మందు అలవాటు లేదు, డ్రైవ్ చేస్తూ ఫోన్ ముట్టుకోను. రోడ్డు ఖాళీగా కనిపిస్తే 110, 115లో వెళ్తాను. పదేళ్లలో కారుకి చిన్న గీత కూడా పడలేదు. మా ఆవిడ మాత్రం ఈసారి నుంచి పిల్లను తీసుకుని బస్సులో వస్తానంటోంది. నాకు అర్థం కానిది ఒక్కటే. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద 120 వెళ్లొచ్చు. అదే కారు, అదే నేను, పెద్దంబర్‌పేటలో దిగి హైవే ఎక్కగానే అది నేరం ఎలా అయింది? ఒకచోట 100 అంటారు, కాస్త ముందుకెళ్తే 80, ఊరొస్తే 40. ఈ అంకెలు ఎవరు, ఏ లెక్కన పెడతారు? జర్మనీలో మా బావమరిది 180లో వెళ్తాడు, అక్కడ లిమిటే లేదు. వేగం కాదు, చేతకాని డ్రైవింగే ప్రమాదం అని నా వాదన. ఇంకోటి, ఈమధ్యే 96లో వెళ్లానని 1,035 రూపాయల చలానా వచ్చింది. అక్కడ 80 బోర్డు నాకైతే కనపడలేదు. కట్టాలా? తిట్టకుండా, లెక్కలతో చెప్పండి.
— ఓ పాఠకుడు, మియాపూర్

సమాధానం: తిట్టను. పెద్దంబర్‌పేట ప్రశ్న మాత్రం అసలైన ప్రశ్న, అక్కడి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే దానికి జవాబు దొరికితే మిగతా సగం గొడవ తేలిపోతుంది.

ఓఆర్ఆర్ 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. బైకులకు, ఆటోలకు, నడిచేవాళ్లకు దానిమీదకి అనుమతి లేదు. పక్క ఊరి రోడ్డు వచ్చి మధ్యలో కలవదు, ఎక్కాలన్నా దిగాలన్నా ఇంటర్‌చేంజ్ దగ్గరే. డివైడర్‌కి ఎక్కడా గండి ఉండదు కాబట్టి ఎదురుగా వచ్చే బండి మీ వైపు యూటర్న్ కొట్టే అవకాశం లేదు. అంత చేసినా అక్కడ పరిమితి కొన్నేళ్లు 100 దగ్గరే ఉండి, 2023లో మళ్లీ 120కి వచ్చింది, అది కూడా డివైడర్ వైపున్న మొదటి రెండు వరుసల్లోనే. మూడు, నాలుగు వరుసల్లో ఇప్పటికీ 80. ఇక మీరు దిగి ఎక్కిన హైవే సంగతి మీకే బాగా తెలుసు. చౌటుప్పల్ దగ్గర నుంచి కోదాడ దాకా ఎన్ని ఊళ్లు రోడ్డుని ఆనుకుని ఉన్నాయో, ఎక్కడెక్కడ పాలక్యాన్లతో టీవీఎస్ బండి ఎదురుగా రాంగ్ రూట్‌లో వస్తుందో, ఎక్కడ ట్రాక్టర్ వెనక లైటు లేకుండా పోతుంటుందో నేను చెప్పక్కర్లేదు. కారు అదే, మీరూ అదే, కానీ రోడ్డు మీద మీ ముందుకు రాగలిగిన వాటి జాబితా మారింది. వేగపరిమితి ఆ జాబితాని బట్టి పెడతారు. మీ కారుని, మీ నైపుణ్యాన్ని చూసి పెట్టరు. పెట్టకూడదు కూడా.

ఎవరు పెడతారంటారా, దీనికి మూడు అంతస్తులు ఉన్నాయి. పైన కేంద్రం. 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 112 కింద ఏ రకం బండి ఏ రకం రోడ్డు మీద గరిష్ఠంగా ఎంత వెళ్లొచ్చో కేంద్రం నోటిఫై చేస్తుంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మనం నడిపే మామూలు కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేల మీద 120, డివైడర్ ఉన్న నాలుగు వరుసలు, అంతకు మించిన రోడ్ల మీద 100, మున్సిపల్ పరిధిలో 70, మిగతా రోడ్ల మీద కూడా 70. లారీలకు ఎంత మంచి రోడ్డైనా 80 దాటకూడదు. బైకులకి నాలుగు వరుసల రోడ్డు మీద 80. ఇవి పైకప్పు లాంటివి, ఇంతకు మించి ఎవరూ పెంచలేరు, తగ్గించొచ్చు.

ఆ తగ్గించే పని రాష్ట్రానిది, రాష్ట్రం అధికారం ఇచ్చిన వాళ్లది. ప్రజల భద్రత కోసమో, రోడ్డు తీరు వల్లో, వంతెన వల్లో తగ్గించాలనిపిస్తే నోటిఫై చేసి, బోర్డు పెట్టి తగ్గించొచ్చు. హైదరాబాద్‌లో డివైడర్ ఉన్న రోడ్ల మీద కార్లకు 60, లేనిచోట 50, కాలనీల్లో 30 అనేవి ఇలా వచ్చినవే. ఈ 'బోర్డు' అన్న మాట గుర్తుపెట్టుకోండి, మీ చలానా దగ్గర మళ్లీ పనికొస్తుంది.

అన్నిటికంటే కింది అంతస్తు ఇంజినీరుది, నిజానికి అంతా మొదలయ్యేది అక్కడే. రోడ్డు కాగితం మీద ఉన్నప్పుడే దానికి ఒక డిజైన్ వేగం అనుకుంటారు. మైదాన ప్రాంతంలో జాతీయ రహదారికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే సంస్థ) ప్రమాణం 100, కొండల్లో 50, మరీ ఏటవాలు చోట 40. ఈ అంకె తేలాకే మలుపు ఎంత పెద్దగా తిప్పాలి, మలుపులో రోడ్డుని లోపలివైపు ఎంత వాల్చాలి, ఎత్తు ఎక్కి దిగేచోట అవతల ఉన్నది ఎంత దూరం నుంచి కనపడాలి అన్నవి లెక్కగడతారు. 100 వేగానికి మలుపు వ్యాసార్ధం కనీసం 360 మీటర్లు ఉండాలి, 80 అయితే 230 చాలు. అంటే 80కి తిప్పిన మలుపులో 110లో వెళ్తే బండిని బయటికి లాగే బలం 20, 30 శాతం పెరగడం కాదు, వేగం వర్గాన్ని (వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి దాదాపు రెండింతలు అవుతుంది.

గచ్చిబౌలి బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీకు గుర్తుండే ఉంటుంది. 2019 నవంబర్‌లో తెరిచిన కొద్దిరోజులకే ఒక కారు పిట్టగోడ దాటి కింద పడింది. అక్కడ పరిమితి 40, ఆ కారు వెళ్లింది వంద పైచిలుకు. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ ప్రాణం పోయింది, ఆమెకి ఆ కారుతో గానీ, ఆ ఫ్లైఓవర్‌తో గానీ ఏ సంబంధమూ లేదు. వంపు అలా ఎందుకు పెట్టారు, గోడ ఇంకా ఎత్తుగా ఎందుకు కట్టలేదు అని అప్పట్లో చాలా చర్చ నడిచింది, నడవాల్సిందే కూడా. కానీ ఆ వంపుకి 40 అని రాసింది ఎవరికో తోచి కాదు.

సరే, ఇప్పుడు మీ అసలు అనుమానం: మరి నాకు 110లో ఏమీ భయంగా అనిపించదే, బండి రాయిలా నిలబడుతుందే అని. అనిపించదు. ఎందుకో చెప్తాను. ఇంజినీర్లు ఆగే దూరం లెక్కవేసేటప్పుడు డ్రైవర్ తేరుకుని బ్రేకు తొక్కడానికి రెండున్నర సెకన్లు ఇస్తారు, రోడ్డుకి టైరుకి పట్టు కూడా తక్కువే అనుకుంటారు, అంటే తడి రోడ్డు, అరిగిన టైరు లాంటి పరిస్థితి. అలా చేస్తే 50 వేగానికి 60 మీటర్లు, 80కి 120, 100కి 180 మీటర్లు వస్తుంది. మీది కొత్త టైరు, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకు, పొడి రోడ్డు, తెల్లారి ఏడు గంటలకి నిద్రచాలిన కళ్లు. అందుకని మీ కారు దానికంటే చాలా ముందే ఆగుతుంది, ఆ మిగులునే మీరు 'కంట్రోల్' అని పిలుస్తున్నారు. అది నిజమే, అబద్ధం కాదు. కాకపోతే ఆ మిగులు వానపడ్డ రోజు కోసం, డీజిల్ ఒలికిన చోటు కోసం, రాత్రి రెండింటికి మీరు ఆవులిస్తున్న క్షణం కోసం పెట్టింది. మంచిరోజున మీరు దాన్ని ఖర్చుపెట్టేస్తే చెడ్డరోజుకి మిగలదు.

రాత్రి సంగతి విడిగా చెప్పాలి, చాలామంది దీన్ని పట్టించుకోరు. మామూలు లో బీమ్ వెలుగు 50, 60 మీటర్ల దాకా పనికొచ్చేలా పడుతుంది. ఇందాకటి లెక్కలో 60 మీటర్లు అంటే 50 వేగం. అంటే చీకట్లో, ఎదుటి లారీ హెడ్‌లైట్లు కళ్లలో కొడుతుంటే, లో బీమ్‌తో 80లో వెళ్తున్నవాడు కూడా తనకి కనపడని చోటులోకి బండి నడుపుతున్నట్టే. 110 సంగతి ఇక చెప్పేదేముంది. ఇండికేటర్ లేకుండా రోడ్డుపక్కన ఆపిన లారీని వెనక నుంచి గుద్దేసిన వార్త మన పేపర్లలో ఏ వారం ఉండదు చెప్పండి? తప్పు ఆపినవాడిదే, నూటికి నూరుపాళ్లు. కానీ 110 అంటే సెకనుకు 30 మీటర్లు, 60 మీటర్లలో మీకున్నది రెండు సెకన్లు.

లెక్కలు అడిగారు కాబట్టి ఇంకొకటి, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పక్కపక్క వరుసల్లో రెండు కార్లు, రెండూ మీ కారులాంటివే. ఒకటి 80, ఇంకోటి 100. ఒకేచోట ఒకేసారి ముందు ఆవు కనిపించింది, ఇద్దరూ ఒకటిన్నర సెకనులో బ్రేకు గట్టిగా తొక్కారు, పొడి రోడ్డు. 80 కారు సుమారు 69 మీటర్లలో ఆగిపోతుంది, ఆవు ముక్కుకి కొంచెం ముందు. 100లో వచ్చిన కారు అదేచోటికి వచ్చేసరికి ఎంత వేగంతో ఉంటుందని మీ అంచనా? ఎవరినడిగినా 20 అంటారు, తేడా 20 కదా అని. ఇంకా 70 పైనే ఉంటుంది. ఎందుకంటే తేరుకునే ఒకటిన్నర సెకన్లలోనే అది ఎనిమిది మీటర్లు ఎక్కువ తినేసింది, పైగా బ్రేకు వేగాన్ని కాదు, వేగం వర్గాన్ని అరగదీయాలి, మొదట్లో నెమ్మదిగా తగ్గి చివరి మీటర్లలోనే గబగబా పడిపోతుంది. ఇదే లెక్క 100కీ 120కీ వేస్తే, 100 కారు ఆగిపోయిన చోట 120 కారు 77లో ఉంటుంది. మీకే అనుమానం ఉంటే హైస్కూల్ ఫిజిక్స్ సూత్రంతో వేసి చూసుకోండి, సెకనుకి సెకనుకి 7 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుని.

ఫైవ్ స్టార్ గురించి. మంచి కారు కొన్నారు, సంతోషం, పిల్లను చైల్డ్ సీట్లో కూర్చోబెడుతున్నారనీ వెనక వాళ్లు బెల్టు పెట్టుకుంటున్నారనీ అనుకుంటున్నాను, లేకపోతే ఆ చుక్కలకి సగం విలువే. కానీ ఆ పరీక్ష ఏ వేగంలో చేస్తారో ఎప్పుడైనా చూశారా? మన దగ్గర కార్లకి ఈ చుక్కలిచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో ముందునుంచి గుద్దించే పరీక్ష 64 కిలోమీటర్ల దగ్గర, పక్కనుంచి గుద్దించేది 50 దగ్గర. 110లో మీ కారు మోసుకెళ్లే శక్తి 64 దగ్గర మోసే దానికి దాదాపు మూడు రెట్లు. ఆ వేగంలో ఐదు చుక్కలా, రెండు చుక్కలా అన్నది ఎవరూ పరీక్షించి చెప్పలేదు. చివరి క్షణంలో బ్రేకు పడి వేగం తగ్గుతుంది నిజమే, కానీ ఎంత తగ్గుతుందో ఇప్పుడే చూశాం.

ఇక జర్మనీ. మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, ఆటోబాన్‌లో సుమారు 70 శాతం నిడివికి శాశ్వత పరిమితి లేదు. కానీ ఆయన చెప్పనివి కొన్ని ఉంటాయి. అక్కడ సిఫార్సు వేగం 130. దాన్ని మించి వెళ్తే జరిమానా లేదు, కానీ ప్రమాదం జరిగితే తప్పు అవతలివాడిదైనా సరే, 130లో వెళ్లినా ఈ ప్రమాదం జరిగే ఉండేది అని నిరూపించుకోలేకపోతే నష్టంలో కొంత వాటా మీ మీద పడొచ్చని అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు 1992లోనే తేల్చింది. లారీలు 80లో కుడి పక్కన పోతుంటాయి, కుడివైపు నుంచి ఓవర్‌టేక్ నేరం, 60 కూడా వెళ్లలేని బండికి ఆటోబాన్ ఎక్కే అనుమతే లేదు. మన దగ్గర లారీ డివైడర్ పక్క వరుసలో 50లో పోతుంటుంది, పాపం వాడిని కూడా అనలేం, ఎడమ వరుసలో ఎదురుగా బైకులొస్తుంటే ఎక్కడ నడుపుతాడు? మీరు ఎడమవైపు నుంచి దూరి ముందుకెళ్లాలి. ఆ దేశం రోడ్డుని కూడా వెంట తెచ్చుకోగలిగితే ఆ దేశం వేగం గురించి మాట్లాడుకోవచ్చు. అన్నట్టు అదే జర్మనీలో ఊళ్లోకి రాగానే 50, బడుల దగ్గర, ఇళ్ల మధ్య చాలాచోట్ల 30, అక్కడ మీ బావమరిది బుద్ధిగానే నడుపుతాడు, కావాలంటే అడగండి.

'వేగం కాదు, చేతకాని డ్రైవింగే ప్రమాదం' అన్నారే, దీనికి కొంత బలం ఉంది, ఒప్పుకుంటాను. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అందులో 71 శాతం అతివేగం వల్ల అని కేంద్రం నివేదిక. ఆ 71ని నేను అక్షరాలా నమ్మను. మన దగ్గర ఎఫ్ఐఆర్‌లో 'అతివేగంగా, అజాగ్రత్తగా' అన్న మాట దాదాపు అచ్చేసినట్టు పడిపోతుంది, బండి వేగం ఎవరూ కొలవకుండానే. గుంత వల్లో, లైటులేని డివైడర్ వల్లో జరిగింది కూడా ఆ గడిలోకే వెళ్తుంటుంది, రోడ్డు వేసినవాడు హాయిగా తప్పించుకుంటాడు. నాసిరకం డిజైన్ వల్ల ప్రాణం పోతే కాంట్రాక్టరు మీద, అధికారి మీద లక్ష రూపాయల దాకా జరిమానా వేసే సెక్షన్ 198ఏ 2019 సవరణలో తెచ్చారు, లక్ష ఏ మూలకి అన్నది వేరే సంగతి.

కానీ ఎఫ్ఐఆర్‌లు పక్కన పెట్టి, వేగాన్ని నిజంగా కొలిచి చేసిన పనులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో అడిలైడ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1997లో 60 పరిమితి ఉన్న నగర రోడ్ల మీద ప్రమాదంలో ఉన్న కార్ల వేగాన్ని, అదేచోట అదే సమయంలో మామూలుగా వెళ్లే కార్ల వేగంతో పోల్చారు. 60 దాటాక ప్రతి 5 కిలోమీటర్లకీ, గాయాలయ్యే ప్రమాదంలో పడే ముప్పు రెట్టింపు అవుతూ వచ్చింది. 65కి రెండింతలు, 70కి నాలుగింతలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఏంటంటే సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుంది. ఇక్కడ గమనించాల్సింది, చేతకాని డ్రైవరు 60లో ఉన్నా చేతకానివాడే, కానీ వాడి తప్పుకి పడే శిక్ష 60 దగ్గర బంపరు, 110 దగ్గర ప్రాణం. మీరు తప్పు చేయకపోవచ్చు. మీ ఎదుటివాడు చేస్తాడు, మీరే అంటున్నారు కదా చేతకానివాళ్లు ఎక్కువని. అయితే వాళ్ల మధ్య 115లో వెళ్లడం ఏ లెక్కన తెలివి?

'అందరూ ఎంతలో వెళ్తుంటే అంతలో వెళ్లడమే భద్రం' అనే వాదన కూడా మీరు ఎక్కడో వినే ఉంటారు, మీ ఉత్తరంలో లేదు గానీ తర్వాతి ఉత్తరంలో ఉంటుందని నా అనుమానం. దీని మూలం అమెరికా. అక్కడ దశాబ్దాలుగా ఒక పద్ధతి ఉంది, ఖాళీ రోడ్డు మీద వంద కార్లలో 85 ఏ వేగం లోపల వెళ్తున్నాయో కొలిచి, పరిమితి దానికి దగ్గరగా పెడతారు. ఎక్కువమంది తెలివిగానే నడుపుతారు, వాళ్లని దోషుల్ని చేయకూడదు అన్నది ఆలోచన. పెద్ద హైవేల మీద ఇందులో న్యాయం ఉంది, మరీ తక్కువ అంకె పెడితే ఎవరూ లెక్కచేయరు, బోర్డుకే విలువ పోతుంది, మన దగ్గర అదే జరుగుతోంది. కానీ ఊళ్ల మధ్య ఆ పద్ధతి పెడితే, ఆ లెక్కలో కారులో కూర్చున్నవాడికే ఓటు, రోడ్డు దాటే ముసలమ్మకి లేదు. పైగా పరిమితి పెంచాక 85 మంది ఇంకాస్త పెంచుతారు, మళ్లీ కొలుస్తారు, మళ్లీ పెంచుతారు. 2017లో అమెరికా రవాణా భద్రతా బోర్డే ఇక ఈ 85 మీద అంతగా ఆధారపడొద్దని చెప్పింది.

స్వీడన్ వాళ్లు దీన్ని తిరగేసి ఆలోచించారు. 1997లో వాళ్ల పార్లమెంటు రోడ్డు మీద ఎవరూ చావకూడదు అనే లక్ష్యం పెట్టుకుంది. అక్కడి నుంచి వచ్చిన లెక్క సూటిగా ఉంటుంది: మనిషి శరీరం ఎంత దెబ్బకి తట్టుకుంటుంది? నడిచేవాళ్లు, కార్లు కలిసే చోట 30. అడ్డంగా వచ్చి పక్కనుంచి గుద్దే అవకాశం ఉన్న కూడళ్ల దగ్గర 50. డివైడర్ లేక ఎదురెదురు ఢీకొనగలిగే రోడ్డు మీద 70. ఇవేవీ జరగని రోడ్డయితేనే 100, అంతకు మించి. ఈ నాలుగు అంకెలూ పెట్టుకుని మీ హైదరాబాద్–విజయవాడ దారిని ఒక్కసారి మనసులో నడిపి చూడండి. మీరు విసుక్కున్న '100, 80, 40' బోర్డులు మీకు అంత పిచ్చిగా అనిపించవు. నాకైతే కొన్ని ఊళ్ల దగ్గర 40 కూడా ఎక్కువే అనిపిస్తుంది. అలాగని అన్ని బోర్డులూ ఆలోచించే పెట్టారని నేను అనను, రోడ్డు పని అయిపోయి ఆర్నెల్లయినా పీకని 20 బోర్డులు కోకొల్లలు, 100 నుంచి ఒక్కసారిగా 40కి దింపి ఆ పక్కనే చెట్టు నీడలో పోలీసులు స్పీడ్ గన్ను పెట్టుకుని కూర్చోవడం భద్రత కోసమంటే నేను కూడా నమ్మను.

సమయం సంగతి చూద్దాం, అసలు ఇదంతా దేనికోసమో కదా. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 270 కిలోమీటర్లు. మొత్తం దారి 90లో వెళ్తే మూడు గంటలు, 110లో వెళ్తే అరగంట పైన మిగులుతుంది. కాగితం మీద. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు, ఊళ్లు, ముందున్న లారీల జత, ఇవన్నీ పోను మీకు 110 పట్టగలిగే ఖాళీ రోడ్డు సగం దొరుకుతుందనుకుందాం, అప్పుడు మిగిలేది 16 నిమిషాలు. సూర్యాపేటలో టీకి ఆగితే అంతకంటే ఎక్కువ పోతుంది. వేగం పెరిగేకొద్దీ మిగిలే సమయం తగ్గుతూ పోతుంది కూడా: పది కిలోమీటర్ల ముక్కలో 40 నుంచి 60కి పెంచితే ఐదు నిమిషాలు మిగులుతాయి, 100 నుంచి 120కి పెంచితే ఒక్క నిమిషం. పెట్రోలు ఖర్చు, ముప్పు మాత్రం వేరే దిక్కులో పెరుగుతుంటాయి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. పగలు, పొడి రోడ్డు, 100 ఉన్న ముక్కల్లో మీటరు 95 దగ్గర పెట్టుకోండి. మీటరు ఎప్పుడూ అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించకూడదన్నది నిబంధన, కాబట్టి జీపీఎస్‌లో అది 90 దాటి కొంచెం ఉంటుంది. ఊరు, యూటర్న్ గండి, పెట్రోలు బంకు కనపడితే బోర్డు ఉన్నా లేకపోయినా కాలు యాక్సిలరేటర్ మీంచి తీయండి, ఇది అన్ని అంకెలకంటే ఎక్కువ పనిచేస్తుంది. వానలో, రాత్రి 70. 80 దాటగానే కారులో వచ్చే ఆ బీప్ 2019 జులై నుంచి తయారైన ప్రతి కొత్త కారులోనూ తప్పనిసరి, కొంతమంది మెకానిక్ దగ్గరికెళ్లి తీయించేస్తున్నారు, మీరు ఆ పని చేయకండి. సంక్రాంతి, దసరాకి ఊరెళ్లేటప్పుడు 'పొద్దున్నే చేరిపోతా' అని అమ్మకి టైము చెప్పకండి, చెప్పిన టైమే మన కాలితో యాక్సిలరేటర్ తొక్కిస్తుంది.

మీ ఆవిడ విషయంలో వాదన పెట్టుకోవద్దని నా సలహా. స్టీరింగ్ మీ చేతిలో ఉంది కాబట్టి మీకు 110 మామూలుగా ఉంటుంది. పక్క సీట్లో ఉన్న మనిషికి ముందు లారీ దగ్గరకొస్తుంటే చేయగలిగింది ఏమీ లేదు, లేని బ్రేకుని కాలితో తొక్కుతూ కూర్చోవాలి, ఐదు గంటలపాటు, వెనక సీట్లో పిల్ల ఉండగా. ఆవిడ మీ డ్రైవింగ్‌కి మార్కులు వేయట్లేదు, తను చూస్తున్న రోడ్డు గురించి చెప్తోంది. వచ్చేసారి ఆవిడ చెప్పిన వేగంలో ఒకసారి వెళ్లి రండి, ఎంత ఆలస్యమైందో ఇద్దరూ కలిసి చూసుకోండి.

చలానా. ఇక్కడ మీ పక్షాన ఒక పాయింటు ఉంది. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డు మీద కారుకి కేంద్రం పెట్టిన గరిష్ఠం 100. దాన్ని 80కి తగ్గించాలంటే నోటిఫికేషన్‌తో పాటు బోర్డు కూడా పెట్టాలని సెక్షన్ 112లోనే ఉంది. కాబట్టి అక్కడ నిజంగా బోర్డు లేకపోతే, అది మున్సిపల్ పరిధి కూడా కాకపోతే, 96 తప్పు కాదు. ఇంకా, కెమెరాతో గానీ స్పీడ్ గన్‌తో గానీ పట్టుకునే చోట ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలని, నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు పంపాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 2021లో చేర్చిన 167ఏ నిబంధన చెప్తోంది. మీ చలానాలో తేదీ, చోటు, ఫొటో, కొలిచిన వేగం ఉన్నాయో లేదో చూసుకోండి. కానీ 'నాకు కనపడలేదు' వేరు, 'లేదు' వేరు. వచ్చేసారి అటు వెళ్లినప్పుడు ఆ చోటుకి ముందు రెండు కిలోమీటర్లు పక్క సీట్లో వాళ్లని ఫోన్‌లో వీడియో తీయమనండి, డాష్‌క్యామ్ ఉంటే ఇంకా మంచిది. బోర్డు లేకపోతే ఆ వీడియోతో ఈ-చలాన్ సైట్లో ఫిర్యాదు పెట్టండి, ఒప్పుకోకపోతే కోర్టులో చెప్పుకునే దారీ ఉంది. ఉంటే మాత్రం 1,035 కట్టేయండి, లోక్ అదాలత్‌లో సగానికి తగ్గిస్తారేమోనని ఏడాది పొడవునా ఎదురుచూడకుండా.